డెస్క్‌టాప్‌కు కొత్త ఎస్‌ఎంపీఎస్: 450 అని రాసిన రెండు డబ్బాల్లో ఏది తీసుకోవాలి

"అన్నా, ఎస్‌ఎంపీఎస్ పోయింది, 450ది ఒకటియ్యి" అని, అంటే గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు సరిపడే తక్కువ ఓల్టులుగా మార్చే 450 వాట్ల డబ్బా కావాలని అడిగితే నల్లగొండలోనైనా పాలమూరులోనైనా కౌంటర్ మీదికి రెండు రకాలు వస్తాయి. ఒకటి ఆరేడు వందలది. ఇంకోటి మూడు వేల పైచిలుకుది. రెండింటి మీదా 450 అనే ఉంటుంది. అదే సైజు రేకు డబ్బా, చూడ్డానికి అవే వైర్లు, అదే ఫ్యాను. ధరలో నాలుగైదింతల తేడా ఎందుకో షాపాయన చెప్పడు. చెప్పేంత తీరిక ఆయనకు ఉండదు, వినేంత ఓపిక మనకూ ఉండదు.

తేల్చుకోవాల్సినవి రెండే. ఆ డబ్బా 12 ఓల్ట్ లైన్ మీద నిజంగా ఎంత ఇస్తుంది? మీ ఇంటికో షాపుకో వచ్చే కరెంటును అది ఎంతవరకు తట్టుకుంటుంది? మొదటి దానికి జవాబు లేబుల్ మీదే ఉంటుంది. రెండో దానికి లేబుల్‌తో పాటు మీ గోడలోని సాకెట్‌నూ, టేబుల్ కింద ఉన్న యూపీఎస్‌నూ చూడాలి.

పోయింది ఎస్‌ఎంపీఎస్సేనా?

కొనే ముందు పది నిమిషాలు ఇక్కడ పెట్టండి. పవర్ కార్డు మార్చి చూడండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడండి. తర్వాత మల్టీమీటర్ తీసుకొని, కరెంటు పెట్టి ఉండగానే, మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టర్‌లో ఊదా రంగు వైరును నల్ల వైరుతో కలిపి కొలవండి. కంప్యూటర్ ఆన్ చేయకపోయినా అక్కడ 5 ఓల్టులు రావాలి, 4.75కు తగ్గకూడదు. స్విచ్ ఆపి, కనెక్టర్‌ను బోర్డు నుంచి పీకి మళ్లీ కొలిచినా ఏమీ రాకపోతే ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే.

అక్కడ 5 ఓల్టులు ఉండి కూడా మెషీన్ లేవకపోతే, స్విచ్ ఆపి 24 పిన్నుల కనెక్టర్‌ను బోర్డు నుంచి పీకేయండి. మిగతావన్నీ తీసేసి, ఒక పాత హార్డ్ డిస్కునో ఫ్యాన్‌నో లోడుగా ఉంచండి. ఆకుపచ్చ వైరును పక్కనున్న నల్ల వైరుతో ఒక చిన్న వైరు ముక్కతో కలిపి స్విచ్ వేయండి. అన్నీ నల్ల వైర్లే ఉన్న కొత్త రకమైతే ఆకుపచ్చది 16వ పిన్ను, దానికి అటూ ఇటూ ఉన్న 15, 17 రెండూ గ్రౌండే. ఫ్యాను తిరిగితే ఎస్‌ఎంపీఎస్ లేస్తోందని అర్థం, బాగుందని కాదు. పసుపు వైరులో 11.4 నుంచి 12.6, ఎరుపులో 4.75 నుంచి 5.25, నారింజలో 3.14 నుంచి 3.47 ఓల్టుల మధ్య ఉండాలి. ఈ కొలతలే మెషీన్ పనిచేస్తుండగా, లోడు మీద కూడా తీయాలి. ఖాళీగా 12.1 చూపించి, పెద్ద ఫొటో తెరవగానే 11.2కు జారే ఎస్‌ఎంపీఎస్‌లు చాలా ఉంటాయి. వైరు ముక్క పరీక్షలో అవన్నీ పాసే.

పవర్ బటన్ నొక్కగానే ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోతే వెంటనే ఎస్‌ఎంపీఎస్ మీద నేరం మోపకండి. ఎక్కడో షార్ట్ ఉంటే అది తనను తాను ఆపుకుంటుంది, అలా ఆపుకోవడమే దాని పని. గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్కు, ముందువైపు యూఎస్‌బీ వైరు ఒక్కొక్కటే తీసి చూడండి.

జిరాక్స్ సెంటర్లలో, మీసేవల్లో ఇంకో తంటా ఉంది. ప్రింట్ ఇవ్వగానే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, ఎస్‌ఎంపీఎస్ వీకైందని మార్చేస్తారు, కొత్తది పెట్టాక కూడా అదే వరస. కారణం యూపీఎస్‌కు లేజర్ ప్రింటర్ తగిలించడం. లేజర్ ప్రింటర్‌లో టోనర్ పొడిని కాగితానికి అతికించే వేడి రోలర్ ఆన్ అయిన ప్రతిసారీ కొన్ని వందల వాట్లు ఒక్కసారిగా లాగుతుంది. 600 వీఏ (యూపీఎస్ సైజు చెప్పే అంకె, వాట్లు అంతకన్నా తక్కువ) యూపీఎస్ దాన్ని మోయలేదు. ప్రింటర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు మార్చండి, మూడు వేలు మిగులుతాయేమో.

లేబుల్‌ను దగ్గర పెట్టుకొని చదవండి

తక్కువ ధర 450 డబ్బా మీద ఇలాంటి లేబుల్ ఉందనుకోండి: 3.3 ఓల్ట్ దగ్గర 24 ఆంపియర్లు, 5 ఓల్ట్ దగ్గర 32 ఆంపియర్లు, 12 ఓల్ట్ దగ్గర 16 ఆంపియర్లు, మైనస్ 12 దగ్గర అర ఆంపియర్, స్టాండ్‌బై (కంప్యూటర్ ఆపి ఉన్నా వచ్చే ఊదా వైరు) 5 ఓల్ట్ దగ్గర 2 ఆంపియర్లు. ఓల్టులను ఆంపియర్లతో గుణిస్తే వరుసగా 79, 160, 192, 6, 10 వాట్లు. అన్నీ కూడితే 447. దాన్నే 450గా అచ్చేశారు.

లెక్క తప్పు కాదు, కానీ పనికొచ్చే లెక్క కాదు. ఇప్పటి కంప్యూటర్‌లో ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ కావాల్సిన కరెంటంతా 12 ఓల్ట్ లైన్ నుంచే వస్తుంది. 5 ఓల్ట్ మీద యూఎస్‌బీ, ఎస్‌ఎస్‌డీ లాంటివి, 3.3 మీద ఎం.2 డ్రైవ్ లాంటి చిన్నా చితకా. ప్రాసెసర్‌కు 5 ఓల్ట్ లైన్ నుంచి కరెంటిచ్చే రోజులు పెంటియం 4తోనే పోయాయి. 2000లో ప్రాసెసర్ కోసం విడిగా నాలుగు పిన్నుల 12 ఓల్ట్ కనెక్టర్ వచ్చింది అందుకే. పై లేబుల్ డబ్బాలో 5, 3.3 లైన్ల మీద రాసుకున్న 239 వాట్లు మీకు అక్కరకు రావు. మీకు దక్కేది 192, అది కూడా రాసింది నిజమైతే.

మంచి కంపెనీ 450 లేబుల్ మీద 12 ఓల్ట్ దగ్గర 36, 37 ఆంపియర్లు కనిపిస్తాయి. 36ను 12తో గుణిస్తే 432. అంటే మొత్తం వాట్లలో నూటికి తొంభై పైగా 12 ఓల్ట్ మీదే. షాపులో నిలబడి చేయగలిగిన పరీక్షల్లో ఇంతకు మించింది లేదు: 12 ఓల్ట్ ఆంపియర్లను 12తో గుణించండి, వచ్చింది డబ్బా మీది అంకెకు దగ్గరగా ఉందో లేదో చూడండి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీస్తే చాలు, షాపాయనకు కూడా మీరేం చూస్తున్నారో తెలిసిపోతుంది.

అదే లేబుల్ మీద ఇన్‌పుట్ అనే వరస ఉంటుంది, చాలామంది చూడరు. 100 నుంచి 240 ఓల్టులు అని ఉంటే ఒక రకం, 200 నుంచి 240 అని ఉంటే ఇంకో రకం. పెద్ద కంపెనీలు కూడా మన మార్కెట్‌కు 230 ఓల్టులకే సరిపడే చవక మోడళ్లు పంపుతాయి, వాటి మీద రెండో వరసే ఉంటుంది. ఊళ్లో లో ఓల్టేజ్ బాధ ఉంటే ఈ తేడా ఎందుకు పెద్దదో కింద వస్తుంది. వెనక 115/230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉన్న పాత రకం కనిపిస్తే, అది 230 మీదే ఉందని చూసుకోకుండా ప్లగ్ పెట్టొద్దు. 115 మీద పెట్టి మన కరెంటు ఇస్తే టపీమంటుంది.

మీకు ఎంత కావాలి?

అనుకున్నదానికన్నా తక్కువే. ఐ3-12100 లాంటి ప్రాసెసర్ ఎంత పరిగెత్తినా 89 వాట్లు దాటదు. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి ఇంకో 40. బిల్లింగ్ కౌంటర్‌కో ట్యాలీకో డీటీపీకో వాడే మెషీన్ ఇది. నిజమైన 450 వాట్ల డబ్బా దీనికి ఎక్కువే. అంతకన్నా చిన్న మంచి డబ్బాలు ఇక్కడ అరుదు కాబట్టే 450 తీసుకోవడం.

ఫొటో స్టూడియోలో ఆల్బమ్ డిజైన్, పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేసే మెషీన్ వేరు. ఐ5-12400 గరిష్ఠంగా 117, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 170, మిగతా అన్నీ కలిపి 50. మొత్తం 337. అలాగని 400 తెస్తే చాలదు. గ్రాఫిక్స్ కార్డులు కంటికి కనిపించనంత తక్కువ సేపు తమ అంకెకు బాగా మించి లాగుతాయి, ఆ క్షణంలో ఎస్‌ఎంపీఎస్ తట్టుకోలేకపోతే మెషీన్ చటుక్కున ఆరిపోతుంది. ఈ కార్డుకు తయారీదారే 550 వాట్లు పెట్టమంటాడు. 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060కి కూడా అదే 550. 75 వాట్ల జీటీఎక్స్ 1650 లాంటివి స్లాట్ నుంచే కరెంటు తీసుకుంటాయి, వాటికి 450 సరిపోతుంది.

ఇక ఎదుట ఉన్న దారులు

ఆరేడు వందల డబ్బా. దీన్ని ఎవరూ కొనొద్దు అనడం తేలికే, కానీ పదేళ్ల నాటి మూడో తరం ఐ3, గ్రాఫిక్స్ కార్డు లేదు, లోపలున్న డేటాకు కాపీ ఉంది, మెషీన్ మొత్తం అమ్మినా నాలుగు వేలు రావు అన్నప్పుడు మూడున్నర వేల ఎస్‌ఎంపీఎస్ పెట్టమంటే వినేవాళ్లుండరు. అలాంటి చోట పెట్టుకోవచ్చు. ఏం వదులుకుంటున్నారో మాత్రం తెలిసుండాలి. ఈ డబ్బాల్లో కరెంటు లోపలికొచ్చే చోట ఉండాల్సిన ఫిల్టర్ కాయిళ్లు, ఓల్టేజ్ ఎగిరినప్పుడు అడ్డుపడే వేరిస్టర్ తరచూ ఉండవు. సర్క్యూట్ బోర్డు మీద వాటి బొమ్మ అచ్చేసి ఉంటుంది, ఆ జాగాలో వైరు ముక్క అతికించి ఉంటుంది. వేడెక్కితే ఆపుకునే ఏర్పాటు అరుదు. 12 ఓల్ట్ లైన్ మీద అల (ఓల్టేజ్ నిలకడగా లేకుండా పైకీ కిందికీ ఊగే మేర) 120 మిల్లీ ఓల్టులకు మించకూడదని ప్రమాణం, 5 మీద 50కి. వీటిల్లో లోడు పెరిగే కొద్దీ ఆ గీత దాటిపోతుంది. అది ఒక్కరోజులో కనిపించదు, మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్లు మెల్లగా ఉబ్బుతాయి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్‌కు మాత్రం దీన్ని తగిలించొద్దు, ఇందులో రెండో మాట లేదు.

పాతదాన్నే రిపేరు చేయించడం. ఫ్యాను గొణుగుతోంది, దుమ్ము పట్టింది అంటే బాగు చేయించండి. పొద్దున లేవదు, నాలుగైదు సార్లు స్విచ్ వేస్తే లేస్తుంది, ఒకసారి వేడెక్కాక బాగానే నడుస్తుంది అన్నా దారి ఉంది: స్టాండ్‌బై భాగంలోని చిన్న కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, రెండు మూడు మారిస్తే పోయేది. కొత్తవి 105 డిగ్రీలవి వేయమని అడగండి, చేతిలో ఉన్న 85వి వేసి పంపేస్తే మళ్లీ వేసవికి అదే కథ. పెద్ద చప్పుడుతో పోయి, ఫ్యూజు నల్లబడి ఉంటే వదిలేయండి. ఫ్యూజు ఊరికే కాలదు, దాని వెనక ట్రాన్సిస్టర్లు షార్టయి ఉంటాయి. ఒకటి మార్చి ఇంకోటి వదిలేస్తే మళ్లీ పేలుతుంది.

కంపెనీ మెషీన్ల సెకండ్‌హ్యాండ్ ఎస్‌ఎంపీఎస్. ఆఫీసుల్లో వాడి తీసేసిన డెల్, హెచ్‌పీ, లెనోవో డెస్క్‌టాప్‌లు మన ఊళ్లలో చాలా నడుస్తున్నాయి. వాటి ఎస్‌ఎంపీఎస్‌లు నాణ్యమైనవే. 240 అని రాసి ఉంటే నిజంగా 240 ఇస్తాయి. చిక్కు కనెక్టర్ దగ్గర. డెల్ ఆప్టిప్లెక్స్ 3020, 7020, 9020ల్లో బోర్డుకు వెళ్లేది 8 పిన్నుల కనెక్టర్, మామూలు 24 కాదు. హెచ్‌పీ ఆఫీసు మోడళ్లలో చాలావాటికి 6, లెనోవో థింక్‌సెంటర్లలో 14 గానీ 10 గానీ. మీది ఇలాంటి మెషీన్ అయితే బజార్లో దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ నేరుగా తగలదు, సన్న క్యాబినెట్ అయితే డబ్బా లోపల పట్టదు కూడా. పాత ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీది పార్ట్ నంబర్‌ను ఫోన్‌లో ఫొటో తీసి, అదే నంబర్‌ది వెతికించడం అన్నిటికన్నా మేలు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అనే చోట, ఇలాంటివి దొరికే అవకాశం ఎక్కువ. పెద్ద టవర్ మోడల్ అయితే కన్వర్టర్ వైరుతో మామూలు ఎస్‌ఎంపీఎస్ పెట్టొచ్చు, కానీ ఆ వైరు మీ మోడల్ పేరుతో అమ్మేదే అయ్యుండాలి. పిన్నుల సంఖ్య కలిసిందని ఇంకో కంపెనీది పెడితే బోర్డు పోతుంది.

80 ప్లస్ బ్రాంజ్, 450 లేదా 550. 80 ప్లస్ అంటే కరెంటును తక్కువ వృథా చేస్తుందని పరీక్షించి వేసే ముద్ర, బ్రాంజ్, గోల్డ్ అందులో మెట్లు. ఎక్కువమందికి ఇదే సరైనది. కోర్సెయిర్, కూలర్ మాస్టర్, డీప్‌కూల్, ఆంటెక్ లాంటి కంపెనీల్లో మూడు వేల నుంచి అయిదు వేల మధ్య దొరుకుతాయి, వారంటీ మోడల్‌ను బట్టి 3 నుంచి 5 ఏళ్లు. 450కీ 550కీ తేడా అయిదారు వందలే అయితే 550 తీసుకోండి. రేపు గ్రాఫిక్స్ కార్డు పెట్టాలనిపిస్తే దానికి కావాల్సిన 6+2 పిన్నుల కనెక్టర్లు 450లో ఒకటే ఉండొచ్చు.

గోల్డ్, 650 నుంచి 750. దీనికి డబ్బు పెట్టేముందు ఒక లెక్క. 230 ఓల్టుల దగ్గర, సగం లోడు మీద బ్రాంజ్ నూటికి 88, గోల్డ్ 92 వాట్లు బయటికిస్తాయి, మిగిలింది వేడి. ఏ ముద్రా లేని డబ్బా 75 అనుకుందాం. స్టూడియో మెషీన్ రోజుకు 8 గంటలు సగటున 200 వాట్ల మీద నడిస్తే, ముద్ర లేనిది గోడ నుంచి 267 వాట్లు లాగుతుంది, బ్రాంజ్ 227. నెలకు తొమ్మిదిన్నర యూనిట్లు తేడా. యూనిట్ పది రూపాయలు వేసుకుంటే ఏడాదికి 1,100 పైనే, బ్రాంజ్ ఎక్కువ ధర రెండున్నరేళ్లలో తీరిపోతుంది. బ్రాంజ్ నుంచి గోల్డ్‌కు వెళ్తే మిగిలేది ఇంకో 10 వాట్లు, అంటే నెలకు పాతిక రూపాయల లోపు. దాని కోసం రెండు మూడు వేలు ఎక్కువ పెట్టడం దండగ. గోల్డ్ కొనాల్సింది బిల్లు కోసం కాదు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉండి, మెషీన్ రోజంతా రెండరింగ్‌లోనే ఉంటే, తక్కువ వేడి, మంచి కెపాసిటర్లు, పొడుగు వారంటీ కోసం కొనండి. పోచంపల్లి, పుట్టపాక వైపు చీరల డిజైన్లు వేసే కంప్యూటర్లకు బ్రాంజ్ 550 చాలు.

మన కరెంటు, మన ఎండ

80 ప్లస్ పరీక్ష 23 డిగ్రీల గదిలో చేస్తారు. నల్లగొండలో మే నెలలో బయట 44, 45 ఉంటుంది. రేకుల షెడ్డులో ఉన్న షాపులో, మూసిన క్యాబినెట్ లోపల ఇంకో పది కలుపుకోండి. కెపాసిటర్‌కు ఒక బండ లెక్క ఉంది: వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. అందుకే కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ వాట్లు ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తుందని రాశారో చూడండి. 40 అని ఉంటే ఫరవాలేదు, 50 అని ఉంటే మంచిది, ఏమీ రాయకపోతే 25 అనుకోండి.

మిర్యాలగూడ వడ్ల మిల్లుల ఆఫీసుల్లో ఊక, తవుడు. జిన్నింగ్ మిల్లుల దగ్గర పత్తి నూగు. క్రషర్ల పక్కన రాతి పొడి. ఈ మూడింట్లో పత్తి నూగుదే పెద్ద బాధ, ఫ్యాను జాలీ మీద గుడ్డలా పరుచుకుంటుంది. ఎస్‌ఎంపీఎస్ కింది భాగంలో ఉండే క్యాబినెట్‌ను నేల మీద పెట్టొద్దు, జానెడు ఎత్తు స్టూలు మీదికి ఎక్కించండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను పుల్లతో ఆపి పట్టండి, గాలికి గిర్రున తిరగనిస్తే బేరింగ్ పోతుంది.

ఇప్పుడు కరెంటు. యాసంగిలో ఊరి చుట్టూ బోరు మోటార్లన్నీ నడుస్తున్నప్పుడు మీటర్ పెట్టి చూస్తే 230 ఉండాల్సింది 180, 170 చూపించే ఊళ్లు ఉన్నాయి. ఇన్‌పుట్ 100 నుంచి 240 అని ఉన్న యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి లాగే కరెంటును సరిదిద్దే సర్క్యూట్ ఉన్న) ఎస్‌ఎంపీఎస్‌కు ఇది సమస్యే కాదు, స్టెబిలైజర్ లేకుండా నడిచిపోతుంది. కాకపోతే 300 వాట్లకు 230 దగ్గర 1.3 ఆంపియర్లు లాగేది 170 దగ్గర దాదాపు 1.8 లాగుతుంది, ఆ మేరకు వేడెక్కుతుంది. 200 నుంచి 240 అని ఉన్నది మాత్రం ఇలాంటి చోట సతాయిస్తుంది. టౌన్‌లో, ఓల్టేజ్ నిలకడగా ఉన్న చోట దాన్నే తక్కువ ధరకు హాయిగా తీసుకోవచ్చు.

హై ఓల్టేజ్ సంగతి వేరు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో స్తంభం మీదో న్యూట్రల్ తెగితే కొన్ని ఇళ్లకు 300 దాటి వస్తుంది. ఎంత ఖరీదైన ఎస్‌ఎంపీఎస్ అయినా 264 వరకే తయారుచేస్తారు. దానికి మందు ఎస్‌ఎంపీఎస్‌లో లేదు, మెయిన్ బోర్డులో ఓల్టేజ్ కటాఫ్ పెట్టించడంలో ఉంది, పై హద్దు 265 దగ్గర.

యూపీఎస్ విషయంలో రెండు చిక్కులు. ఒకటి సైజు: సాధారణ 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే. స్టూడియో మెషీన్ పూర్తి లోడులో 337 వాట్లు వాడితే గోడ నుంచి లాగేది 380 పైన, మానిటర్ అదనం. కరెంటు పోగానే యూపీఎస్ కీచుమని ఆరిపోతుంది, జనం కొత్త ఎస్‌ఎంపీఎస్‌ను తిడతారు. అలాంటి మెషీన్‌కు 600 వాట్లైనా మోసే 1000, 1100 వీఏది కావాలి. రెండోది, చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చేది మెట్లు మెట్లుగా ఉండే కరెంటు, అసలైన సైన్ అల కాదు. కొన్ని యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్‌ఎంపీఎస్‌లు దాని మీద లోడు ఎక్కువున్నప్పుడు ఆరిపోతాయి. అన్నీ కాదు, అందుకే మీ ఇంట్లో పరీక్షించాలి. అన్ని ఫైళ్లూ సేవ్ చేసి, మెషీన్‌ను బాగా పని చేయిస్తూ, యూపీఎస్ ప్లగ్‌ను గోడ నుంచి పీకండి. ఐదుసార్లు. ఒక్కసారైనా రీస్టార్ట్ అయితే కొన్న వారంలోనే షాపుకు తీసుకెళ్లండి.

ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉందేమో చూడండి. కరెంటు పోయాక ఎస్‌ఎంపీఎస్ తనలోని పెద్ద కెపాసిటర్ బలం మీద పూర్తి లోడులో సుమారు 16 మిల్లీ సెకన్లు నెట్టుకొస్తుంది, అది మంచిదైతేనే. యూపీఎస్ 10 లోపు మారిపోతుంది. మామూలు మోడ్‌లో ఉన్న ఇన్వర్టర్ 40 వరకు తీసుకోవచ్చు, ఆ లోపు మెషీన్ ఆరిపోతుంది. చవక డబ్బాల్లో ఆ కెపాసిటరే చిన్నది, కాబట్టి యూపీఎస్ ఉన్నా రీస్టార్ట్ అవుతుంటే అనుమానించాల్సింది దాన్నే.

ఎర్తింగ్ సంగతి చాలామంది వదిలేస్తారు. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటే ఎస్‌ఎంపీఎస్ చెడిపోయిందనుకుంటారు. చెడిపోలేదు. లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు బాడీ మీదికి వదిలే కాస్త కరెంటు ఎర్త్ లేక అక్కడే నిలిచిపోతుంది, మీటర్ పెడితే 110 దాకా చూపిస్తుంది. ఫిల్టర్ ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్ పెట్టాకే ఇది మొదలైనా ఆశ్చర్యపోవద్దు, పాతదానిలో ఆ ఫిల్టరే లేదు. మన వైపు కింద బండ, ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతుంది. సాకెట్‌లో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు ఓల్టుల లోపు ఉండాలి. లేకపోతే గుంతలో నీళ్లు పోయించండి, అప్పటికీ రాకపోతే ఎలక్ట్రీషియన్‌తో బొగ్గు, ఉప్పు కొత్తగా వేయించండి. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టడం మాత్రం మానండి.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

పాతదాన్ని కొలవండి. మామూలు సైజు వెడల్పు 150, ఎత్తు 86 మిల్లీమీటర్లు, లోతు 140. పాత క్యాబినెట్‌లలో డీవీడీ డ్రైవ్ అడ్డం వస్తుంది కాబట్టి 160 లోతున్నది తెచ్చుకుంటే ఇరుక్కుంటుంది. ఎస్‌ఎంపీఎస్ కింద ఉండే క్యాబినెట్ అయితే ప్రాసెసర్‌కు వెళ్లే 4+4 వైరు 55 సెంటీమీటర్లకు తగ్గకూడదు, బోర్డు వెనక నుంచి పైదాకా పోవాలి. డబ్బా మీది సీరియల్ నంబర్, లోపలి ఎస్‌ఎంపీఎస్ మీది నంబర్ కలిశాయో లేదో కౌంటర్ దగ్గరే చూసి, ఆ నంబర్ రాసిన జీఎస్‌టీ బిల్లు తీసుకోండి. వారంటీకి హైదరాబాద్ పంపాల్సి వస్తే ఎవరు పంపుతారో అప్పుడే అడగండి. షాపువాళ్లే పంపుతామంటే రెండు వందలు ఎక్కువైనా అక్కడే కొనండి, ఆన్‌లైన్‌లో మిగిలేది రానుపోను బస్సు ఛార్జీలకు పోతుంది.

బిగించేటప్పుడు పోయేవి రెండు చోట్ల. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నులు 4+4గా విడిపోతాయి, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లేవి 6+2గా. ఈ రెండింట్లో 12 ఓల్ట్, గ్రౌండ్ వరసలు తారుమారుగా ఉంటాయి. బలవంతంగా నొక్కి ఒకదాని చోట ఇంకోటి దూర్చితే నేరుగా షార్టే. ఇంకోటి, వైర్లు ఊడదీసే మాడ్యులర్ రకంలో పాత ఎస్‌ఎంపీఎస్ వైర్లు కొత్తదానికి తగిలించడం. కనెక్టర్ పట్టినా లోపలి పిన్నుల వరస కంపెనీ కంపెనీకి మారుతుంది, ఒక్కోసారి అదే కంపెనీ మోడళ్ల మధ్య కూడా. 5 ఓల్ట్ రావాల్సిన చోట 12 వచ్చి హార్డ్ డిస్కులన్నీ ఒకేసారి పోతాయి. వైర్లు అన్నీ తీసేసి కొత్త డబ్బాలోవే వేయండి. హార్డ్ డిస్కులకు వెళ్లే సాటా కనెక్టర్ నుంచి గ్రాఫిక్స్ కార్డుకు కరెంటిచ్చే కన్వర్టర్ కూడా వద్దు. సాటా 12 ఓల్ట్ పిన్నులు మోసేది 54 వాట్లే, కార్డు 6 పిన్నుల మీద 75 దాకా అడుగుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది.

బిగించాక బయోస్‌లోకి (మెషీన్ లేచేటప్పుడు తెరిచే బోర్డు సెట్టింగులు) వెళ్లి 12 ఓల్ట్ అంకె చూడండి, తర్వాత అరగంట మెషీన్‌ను గట్టిగా పని చేయించి మల్టీమీటర్‌తో మళ్లీ కొలవండి. 11.8కి పైన నిలబడితే నిశ్చింత. మొదటి గంటలో కొత్త వాసన కొద్దిగా రావచ్చు, వెంట్రుకలు కాలిన వాసన వస్తే మాత్రం ఆపేయండి.

తీసేసిన పాత డబ్బాను పిల్లలకు విప్పమని ఇవ్వకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 ఓల్టులు, యాక్టివ్ పీఎఫ్‌సీ రకమైతే 380 పైన, ప్లగ్ తీశాక కూడా కాసేపు నిలిచే ఉంటాయి. పవర్ కార్డు, నాలుగు స్క్రూలు ఉంచుకొని, మిగతాది ఎలక్ట్రానిక్ పాత సామాను కొనేవాళ్లకు ఇచ్చేయండి.